ఫైబరు నావ – దాని చికిత్స

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



ఉద్యోగపర్వమున విదురుడు ధృతరాష్ట్రునకు నీతి చెప్పుచు, సముద్రమున భిన్నమైన నావను విడిచినట్లు విడువవలసినవారు ఆరుగురు కలరనెను. బోధింపని ఆచార్యుడు వారిలో మొదటివాడు. అధ్యయనము లేని ఋత్విజుడు, రక్షింపని రాజు మొదలగువారు తరువాతివారు. ఈ నీతిని వ్యాఖ్యానించువారు ఆ ఆరుగురి దోషములను విస్తరించి చెప్పుదురేగాని, ఉపమానముగా వచ్చిన నావ కడ నిలిచి యోచించుట అరుదు. ఆ ఉపమానమున నొక సూక్ష్మము కలదు. భిన్నమైన నావను విడువవలసినది సముద్రమున, ఒడ్డున కాదు. నడికడలిలో పగిలిన నావకు చికిత్స లేదు. ఒడ్డున నున్న నావకు కలదు. కావున పగులును ఒడ్డుననే కనిపెట్టుట, ఒడ్డుననే బాగుచేయుట, బాగుచేసినదానిని మునుపటికంటె గట్టిపరచుట అనునవి ప్రాణరక్షణ కార్యములు. నేటి ప్రసంగమునకు విషయ మిదియే.

గ్రంథాలయ సభయందు పడవల ముచ్చట యేలయని కొందరికి శంక కలుగవచ్చును. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ చరిత్ర నెరిగినవారి కీ శంక కలుగదు. 1935 లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కృష్ణా డెల్టా కాలువలలో పడవమీద గ్రంథాలయము నడచెను. గట్టు వెంబడి గ్రామములవారికి పుస్తకములు పడవలో వచ్చి చేరెను. ఆనాడు పడవ పుస్తకమును మోసెను. నేడు పుస్తకము పడవను మోయవలసిన అవసరము కలిగినది. ఎట్లనగా, సముద్రతీర గ్రామములలో పడవ మారినది. దాని మరమ్మతు విద్య మాత్రము పడవతో రాలేదు.

పూర్వపు సంగతి కొంచెము తలచుకొనవలెను. భోజుని పేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువున నావలకు తగిన కలపజాతుల విభాగము కలదు. తేలికయు గట్టిదనమును గల కలప శ్రేష్ఠమనియు, సముద్రమున పోవు నావ యడుగున ఇనుమును వాడరాదనియు అందు చెప్పబడినది. సముద్రమందలి సూదంటురాళ్లు ఇనుమును లాగుననుట అందు చెప్పిన కారణము. ఆ కారణ మెట్లున్నను, ఈ తూర్పుతీరమున మసూలా పడవలను మేకులు లేకుండ, పలకలను కొబ్బరినారతో కుట్టియే కట్టిరి. కెరటము కొట్టినప్పుడు కుట్టు కొంత సాగును, పలక పగులదు. కుట్టు వదులైనచో ఊడదీసి మరల కుట్టుకొనిరి. తెప్ప మరింత సులభము. దుంగలను త్రాళ్లతో బిగించినదే తెప్ప. చెడిన దుంగను తీసి వేరొకదానిని బిగించుట ఇంటిలోని పని. తండ్రి చేయుచుండగా చూచి కుమారుడు నేర్చెను. అట్లు పడవయు, దాని మరమ్మతు విద్యయు ఒకే ఇంట పుట్టి పెరిగినవి.

ఫైబరు పడవ సంగతి వేరు. గాజును కరగించి దారముకంటె సన్నని నారగా తీయు పరిశ్రమ 1930 తరువాతి దశకమున అమెరికాలో వృద్ధి పొందెను. ఆ నారను పాలియెస్టరు రెసినుతో తడిపి 1942 లో ఒహాయో రాష్ట్రమున రే గ్రీన్ అనునతడు చిన్న పడవను చేసెనని నౌకాచరిత్రకారులు వ్రాసిరి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యమున 1979 లో మద్రాసు కేంద్రముగా బంగాళాఖాత కార్యక్రమ మారంభమయ్యెను. కెరటములను దాటి ఇసుక ఒడ్డున దిగగల పడవల నమూనాలను ఆ కార్యక్రమమువారు తయారుచేసి పరీక్షించిరి. వానిలో ఫైబరువియు కలవు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో పడవలు పోయినవారికి ఇచ్చిన క్రొత్త పడవలలో ఫైబరువి విస్తారముగా నుండెను. మంచి కలప దుర్లభమైన కాలమున ఫైబరు వరమే. దానిని పురుగు తొలువదు, చెమ్మకు కుళ్లదు, తేలికగా నుండును, యంత్రమునకు అనుకూలించును.

కాని వరముతోపాటు ఒక చిక్కు వచ్చినది. కలప తన రోగమును దాచదు. కుళ్లిన పలక వాసన చెప్పును, మెత్తదనము చెప్పును. ఫైబరు తన రోగమును నున్నని రంగు చాటున దాచును. యజమాని పైపగులు మాత్రము చూచి, బజారునుండి ఒక డబ్బా రెసిను, మూరెడు గాజుచాప తెచ్చి, రంగుమీదనే అతికించి, సాయంత్రమునకు పని ముగిసెనని తలచును. ఆ అతుకు ఒడ్డున బాగుగనే యుండును. పది పదునైదు వేటల తరువాత ఒకనాడు కెరటములు విరుగుచోట పడవ యడుగు ఇసుకను తాకినప్పుడు ఊడిపోవును. ఆ క్షణమున పడవలో నలుగురో అయిదుగురో ఉందురు. రెసిను ఖర్చు కాదు, వారి ప్రాణములే ఇందలి పద్దు.

ఇక ఈ పదార్థముయొక్క స్వభావము. ఫైబరు పడవకు మూడు ధాతువులు కలవని చెప్పవచ్చును. గాజునార నరములవంటిది, లాగుడును అది భరించును. రెసిను మాంసమువంటిది, నారను ఒకచో పట్టి యుంచి, ఒక పోగు బరువును వేరొక పోగునకు పంచును. జెల్‌కోటు చర్మమువంటిది, అరమిల్లీమీటరు మందముననుండి నీటిని, ఎండను అడ్డును. గాజునార రెండు రూపముల దొరకును. ముక్కలుగా తరిగి చాపవలె పరచినది మ్యాటు. నులకమంచపు అల్లికవలె నేసినది రోవింగు. మ్యాటు అతుకుటయందు మేలు, రోవింగు బలమునందు మేలు. కావుననే మంచి పడవలో ఒకదాని తరువాత నొకటిగా వేయుదురు. చదరపు మీటరునకు 450 గ్రాముల మ్యాటు రెసినుతో కలిసి సుమారు ఒక మిల్లీమీటరు మందమును, 600 గ్రాముల రోవింగు ముప్పాతిక మిల్లీమీటరునకు దగ్గర మందమును ఇచ్చును. ఈ లెక్క గుర్తుంచుకొన్నచో తరువాతి పనియంతయు తేటపడును.

చికిత్సకు ముందు నిదానము. వైద్యుడు నాడి చూచినట్లు పడవ నడుగును చూడవలెను. మొదట మంచినీటితో కడిగి ఉప్పును పోగొట్టి ఆరబెట్టవలెను. పిదప చిన్న సుత్తితోనో రూపాయి బిళ్లతోనో అంగుళ మంగుళము మెల్లగా తట్టుచు వినవలెను. కుమ్మరి కడ కుండ కొను ఇల్లాలు వ్రేలి కణుపుతో తట్టి చూచును. ఆ విద్యయే ఇచటను. పొరలు గట్టిగా అంటియున్నచోట శబ్దము స్పష్టముగా మ్రోగును. పొరలు విడిపోయినచోట బొద్దుగా, చచ్చినట్లు పలుకును. బొద్దుగా పలికినంత మేర సుద్దతో గీత గీయవలెను. ఆ గీత పైకి కనబడు పగులుకంటె రెండింతలో మూడింతలో ఉండుట సాధారణము. కావున కంటికి కనబడునది గాయములో కొంతభాగమే. లోపలివైపునను చూడక నిర్ణయము చేయరాదు. తుపానులో పడవలు ఒకదానినొకటి కొట్టుకొన్నప్పుడు బయట గీటు మాత్రమే యుండి లోపల పొరలు చిట్లియుండవచ్చును. విశాఖ తీరమును 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్, శ్రీకాకుళ తీరమును 2018 అక్టోబరు 11 న తిత్లీ తాకినప్పుడు పడవలకు కలిగిన నష్టమును చూచినవారికి ఒడ్డున నున్న పడవయు క్షేమము కాదని తెలియును.

పగుళ్ల తీరు కూడ కారణమును చెప్పును. ఒక బిందువునుండి నక్షత్రమువలె నలుదెసలకు ప్రాకిన సన్నని పగుళ్లు దెబ్బకు గుర్తు. లోపలి గట్టి అడ్డుకమ్మీ వెంబడి తిన్నని గీతవలె వచ్చిన పగులు, పలుచని గోడ అచట మాటిమాటికి వంగుచున్నదనుటకు గుర్తు. అట్టిచోట పగులు పూడ్చినంతమాత్రమున చాలదు. వంగుటకు కారణమును తీయనిదే అది మరల వచ్చును. చిన్న చిన్న బుడిపెలు లేచి, చిదిమినప్పుడు పుల్లని వాసనగల నీరు వచ్చినచో నీరు చర్మమును దాటి లోనికి చొచ్చినదని అర్థము. దినము దినము ఒడ్డునకు లాగి ఆరబెట్టు పడవలకంటె, రేవులో సదా నీటిలో నుండు పడవల కీ రోగ మెక్కువ.

నిదానము ముగిసిన పిమ్మట కోత. సుద్దగీత లోపల చెడిన పొరల నన్నిటిని మొగమాట మెరుగక కోసివేయవలెను. ఇచట చేయి వణకుట సహజము. చేతిమందము చిల్లును తానే పెద్దదిగా చేసికొనుచున్నానని యజమానికి బాధ కలుగును. కాని చెడిన పొరపై వేసిన క్రొత్త పొర, కుళ్లిన గుంజపై వేసిన క్రొత్త కప్పు వంటిది.

ఈ ప్రసంగమున అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇక చెప్పవలసి యున్నది. పడవ కట్టునప్పుడు పొరమీద పొర పచ్చిగా నుండగానే వేయుదురు. అవి రసాయనముగా కలిసి ఏకమగును. పాతపడవ పూర్తిగా గట్టిపడినది. దానిమీద వేసిన క్రొత్త రెసిను దానితో ఏకము కాదు, అంటుకొని మాత్రము ఉండును. అంటుకొను స్థలము విశాలమైనకొలది పట్టు హెచ్చును. అందుచేత చిల్లు అంచును నిట్టనిలువుగా వదలక, మందమునకు పండ్రెండింతల దూరమువరకు ఏటవాలుగా అరగదీయవలెను. చినిగిన బట్టకు మాసిక వేయుట ఒక పద్ధతి, రఫూ చేయుట వేరొక పద్ధతి. మాసిక పైన కూర్చుండును; రఫూ బట్టలో కలియును. ఫైబరు నావకు వలసినది రఫూ. పాతగోడకు క్రొత్తగోడ కలుపు తాపీపనివాడు పాతగోడలో పళ్లు తీయుటయు ఇందుకే.

లెక్కలో చూడుడు. పడవ యడుగు 6 మిల్లీమీటర్ల మందము. చెడిన భాగము కోయగా ఏర్పడిన చిల్లు 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు అనుకొనుడు. ఆరును పండ్రెండుచే గుణింపగా 72 మిల్లీమీటర్లు. అనగా నాలుగువైపుల 7.2 సెంటీమీటర్ల వంతున వాలు తీయవలెను. అప్పుడు పని చేయవలసిన స్థలము 34.4 సెంటీమీటర్ల పొడవు, 24.4 సెంటీమీటర్ల వెడల్పు అగును. చిల్లు వైశాల్యము 200 చదరపు సెంటీమీటర్లు. చికిత్స వైశాల్యము సుమారు 840. గాయమునకు నాలుగురెట్లకు మించి చికిత్స! ఇది దుబారా కాదు. ఆ 640 చదరపు సెంటీమీటర్ల వాలే క్రొత్తదానిని పాతదానితో పట్టి యుంచును. అతుకు బలము అతుకులో లేదు, దాని అంచులో నున్నది.

వాలును ముతక గరుకుకాగితముతో, 36 లేక 40 నంబరుదానితో, తీయవలెను. నున్నని తలమున రెసిను నిలువదు. రంగు, నూనె, మైనము లేశమైనను ఉండరాదు. ధూళిని తుడిచి, శుభ్రమైన గుడ్డను అసిటోనులో తడిపి తుడిచి, ఆరనీయవలెను. చెమ్మ ఉన్నదో లేదో తెలియుటకు సులభోపాయము కలదు. పలుచని పాలిథీను కాగితమును ఆ స్థలముమీద పరచి, అంచులను టేపుతో అంటించి, ఒక దినము విడువవలెను. లోపలివైపున నీటిబిందువులు పట్టినచో ఇంకను ఆరలేదని గ్రహింపవలెను. తొందరపడి తడిమీద వేసినవాని శ్రమ వ్యర్థము.

తరువాత పొరలు. చిల్లునకు ఒకవైపున మైనము రాసిన నున్నని రేకునో, పాలిథీను చుట్టిన అట్టనో పడవ వంపునకు తగినట్లు ఆనించి, రెండవవైపునుండి పొరలు వేయవలెను. పాత ఫైబరునకు తగులు మొదటి పొర సదా మ్యాటుగా నుండవలెను. రోవింగు నేరుగా వేసినచో దాని గళ్లలో గాలి నిలుచును. పైన చెప్పిన 6 మిల్లీమీటర్ల మందమునకు 450 గ్రాముల మ్యాటు నాలుగు పొరలు, వాని నడుమ రోవింగు రెండు పొరలు, చివర 300 గ్రాముల పలుచని మ్యాటు ఒకటి సరిపోవును. మ్యాటు బరువునకు రెండు రెండున్నర రెట్లు రెసిను, రోవింగునకు దాని బరువంత రెసిను పట్టును. రెసిను ఎక్కువైనచో పెళుసు. తక్కువైనచో తెల్లని పొడిమచ్చలు. ఒక్కొక్క పొరను రోలరుతో అదిమి గాలిబుడగలను వెళ్లగొట్టవలెను. మూడు నాలుగు పొరలకు మించి ఒకేసారి వేసినచో లోపలి వేడి హెచ్చి పొరలు మాడును, చిట్లును. కొంత చల్లారనిచ్చి తక్కినవి వేయుట మేలు. ఈ చిల్లునకంతకు పట్టు రెసిను వృథాతో కలిపి అరకిలో. దీనినిబట్టి ఊడిన అతుకులకు కారణము సొమ్ము లేమి కాదని, ఓర్పు లేమియని తెలియుచున్నది.

రెసినును గట్టిపరచు విధానము జాగ్రత్తగా వినవలసినది. రెసినులో కోబాల్టు ద్రావకమును ముందుగా కలిపి బాగుగా కలియబెట్టవలెను; హార్డనరును పిమ్మట కలుపవలెను. ఈ రెంటిని ఎన్నటికిని నేరుగా ఒకదానితో నొకటి కలుపరాదు. కలిపినచో భగ్గున మండును, ప్రేలుటయు కలదు. రెంటిని ఒకే పెట్టెలో దాచుటయు తగదు. హార్డనరు సాధారణముగా కిలో రెసినునకు 10 నుండి 20 మిల్లీలీటర్లు. డబ్బాపైని సూచన ప్రమాణము. ఎండకాలమున రెసిను త్వరగా బిగియుచున్నదని హార్డనరును కనీస ప్రమాణముకంటె తగ్గించిరేని అది ఎన్నటికిని పూర్తిగా పండదు. తగ్గింపవలసినది ఒక్కసారికి కలుపు రెసిను మొత్తము. ఉదయము మంచు ఆరిన పిమ్మట, పందిరి నీడను పని చేయవలెను. ముక్కునకు ముసుగు, చేతులకు తొడుగులు, కంటికి అద్దములు ఉండవలెను. గాజుధూళి ఊపిరితిత్తులకు శత్రువు. హార్డనరు కంటబడినచో చూపు పోవు ప్రమాదము కలదు. తక్షణమే ధారగా నీటితో పదునైదు నిమిషములైనను కడిగి వైద్యుని కడకు పోవలెను. రెసిను ఆవిరికి నిప్పంటుకొనును గనుక ఆ దరిదాపుల బీడీ వెలిగింపరాదు.

చివర జెల్‌కోటు. పాలియెస్టరు గాలి తగిలినవైపున జిగటగా నిలుచు స్వభావము గలది. కావున పైపూతలో కొంచెము మైనపు ద్రావకమును కలుపవలెను, లేదా పాలిథీనుతో కప్పి ఆరనీయవలెను. పని ముగిసిన దినముననే పడవను నీట దింపరాదు. వారము దినములు ఆగి, మరల తట్టి చూచి, పాతచోటను క్రొత్తచోటను శబ్దమొక్కటే అయినప్పుడు దింపవలెను. ఎపాక్సీ యను వేరొక రెసిను పాతదానికి మరింత గట్టిగా పట్టును. కాని వెల ఎక్కువ. ఒక నియమము మరువరాదు. పాలియెస్టరుమీద ఎపాక్సీ పట్టును. ఎపాక్సీమీద పాలియెస్టరు సరిగా పట్టదు. ఎపాక్సీతో బాగుచేసినచోట తరువాతి మరమ్మతులు కూడ దానితోనే చేయవలెను.

ఇంతవరకు చికిత్స. ఇక పుష్టి. ఎట్లును పడవను బోర్లించి, పనిముట్లు సిద్ధపరచుకొన్నప్పుడు దాని సహజదౌర్బల్యములను కూడ తీర్చుట వివేకము. ఇసుక ఒడ్డున దిగు పడవకు నడిమి వెన్నుగట్టు నిత్యము అరుగును. అచట మూడు పొరలు, ఒకదానికంటె ఒకటి నాలుగైదు సెంటీమీటర్లు వెడల్పు హెచ్చుగా, అదనముగా వేయవలెను. దానిపై గట్టి కలపకమ్మీని అరుగుడు చెక్కగా బిగించి, అరిగినప్పుడెల్ల మార్చుకొనవచ్చును. దాని మరచీలలు పోవు రంధ్రములను రెసినుతో మూయనిచో అవియే నీటికి ద్వారములగును. యంత్రము తగిలించు వెనుకపలకలో ప్లైవుడ్డు ఉండును. ఒక్క మేకు రంధ్రమునుండి నీరు చేరినను లోపల అది కుళ్లును, పైకి తెలియదు. తట్టినప్పుడు బొద్దుగా పలికినచో విప్పి, నీటికి నిలుచు మంచి ప్లైవుడ్డు వేసి, అంచులతో సహా మూసివేయవలెను. గోడలు వంగుచోట లోపల అడ్డుకమ్మీలు పెట్టునప్పుడు వాని కొసలను క్రమముగా సన్నపరచి విడువవలెను. మొద్దుగా ముగిసిన కొస గోడను పొడుచును. క్రొత్త పగులునకు అదియే బీజము.

అన్నిటికంటె పెద్ద పుష్టి, అన్నిటికంటె తరచుగా మరచునది, తేలుడు. తెప్ప తిరుగబడినను తేలును; అది కలప. ఎందరో దానిని పట్టుకొని ఒడ్డు చేరిరి. ఫైబరు నీటికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. నీరు నిండిన ఫైబరు పడవ, లోపల తేలుడు పదార్థము లేనిచో, రాయివలె మునుగును. ఇచటను లెక్క సులభమే. 500 కిలోల ఫైబరు నీటిలో తన బరువున మూడింట రెండువంతులు కోల్పోయి సుమారు 170 కిలోలుగా తూగును. 100 కిలోల యంత్రము 80 కి పైబడి తూగును. రెండును కలిసి ఇంచుమించు 250 కిలోలు. ఒక లీటరు ఫోము ఒక కిలోకు కొంచెము తక్కువగా తేల్చును. కావున పడవ మునుగకుండుటకే 270 లీటర్ల ఫోము వలయును; అయిదుగురు దానిని పట్టుకొని నిలుచుటకు మరియొక నూరు లీటర్లు చేర్చవలెను. నీరు పీల్చని జాతి ఫోమును రెండు ప్రక్కల అంచుల క్రిందను, ముందు వెనుకలను సమముగా పంచి, ఫైబరుతో మూసివేయవలెను. పాతపడవలలో ఈ గదులను విప్పి చూచినచో ఫోము నీరు పీల్చి బరువెక్కియుండుట కలదు. అది తేలుడు కాదు, గుదిబండ. తీసి మార్చవలెను.

ఏ పడవనైనను బాగుచేయవచ్చునా యని ప్రశ్న రావచ్చును. చేయరాదు. వెన్నుగట్టు అడ్డముగా విరిగినను, అడుగున సగమునకు మించి పొరలు విడినను, ఖర్చును శ్రమను క్రొత్తపడవతో పోల్చి చూచి విడుచుటయే నీతి. అట్లు విడిచినదానిని తగులబెట్టరాదు. ఆ పొగ విషము. అది మట్టిలో కలియు వస్తువు కాదు. ఇందుచేతను బాగుపడగల పడవను ఓర్పుతో బాగుచేసి పది కాలములు వాడుకొనుట తీరమునకు మేలు.

దీనికంతకు కాల మెక్కడిదని అడుగువారికి కాలము సిద్ధముగనే యున్నది. తూర్పుతీరమున యంత్రపు పడవలకు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేట నిషేధము. చేపకు సంతానకాలము, పడవకు చికిత్సాకాలము. ఎండలు కాయును, చెమ్మ ఆరును. మొదటి పక్షమున నిదానము, ఎండబెట్టుట. తరువాత కోత, పొరలు. చివరి పక్షము పండుటకును పరీక్షకును సరిపోవును. నిషేధము చివరి మూడు దినములలో మొదలుపెట్టిన మరమ్మతే కెరటములలో ఊడు మరమ్మతు.

ఇందు గ్రంథాలయమునకు పని యేమి? భూమికి అడంగలు ఉన్నట్లు ప్రతి పడవకు ఒక చిట్టా ఉండవలెను. ఏ సంవత్సరము కట్టినది, అడుగు మందమెంత, ఏనాడు ఎచట దెబ్బ తగిలినది, ఏ పొరలు ఎన్ని వేసిరి, ఏ రెసిను వాడిరి, ఎవరు చేసిరి అను వివరములు అందు వ్రాయవలెను. ఎపాక్సీ వేసినచోట తెలియక పాలియెస్టరు వేయు పొరపాటు ఒక్క పంక్తి వ్రాతచే తప్పును. ఈ చిట్టాలు గ్రంథాలయమున ఒక అరలో నుండవలెను. ఆహార వ్యవసాయ సంస్థవారు ఫైబరు పడవల నిర్మాణముపై ప్రకటించిన పుస్తకములు ఆంగ్లమున కలవు. ఊరి చదువరులు వానిని తెనుగున చెప్పి, నిషేధకాలపు సాయంకాలములలో చదువురాని వారికి విన్పింపవలెను. పనితనమెరిగిన మేస్త్రీ చేతి ఒడుపు కూడ వ్రాతలోనికి రావలెను. చేయి చెప్పునది కాగితమునకు, కాగితము చెప్పునది చేతికి అందినప్పుడే విద్య ఊరిలో నిలుచును.

విదురుడు విడువవలసిన వారిలో బోధింపని ఆచార్యుని ముందుగా చెప్పుట ఊరక కాదు. ఎరిగియు చెప్పని విద్య పగిలిన నావయే. దానిని నమ్మి ఎక్కినవాడు మునుగును. పుస్తకములను తాళమువేసి యుంచక ఇరువదియైదేండ్లుగా ఎల్లరకు పంచిన గ్రంథాలయ మిది. రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ తీరమునుండి బయలుదేరు ప్రతి పడవ యడుగును వేటకు ముందు ఎవరో ఒకరు తట్టి చూచి, విని, చిట్టాలో వ్రాసిరేని ఈ రజతోత్సవము సార్థకమగును. పోయినవారెల్లరు సాయంకాలమునకు తిరిగి వచ్చుటకంటె ఊరికి వేరు ఉత్సవము లేదు.

స్వస్తి.